నలభై మూడో చెయ్యి

డులూత్‌లో జనవరి. సరస్సు గడ్డకట్టింది.
ఓడలు రేవులో కట్టేసిన గొడ్లలా నిలబడ్డాయి.
కాలేజీ నేలమాళిగలో పదకొండు మందిమి
ఒక రబ్బరు చెయ్యి చుట్టూ.

దానికి భుజం లేదు, వెనకాల మనిషి లేడు.
సీసాలోంచి ఎర్రరంగు నీళ్ళు దిగుతుంటాయి.
మాకన్నా ముందు ఎన్ని బ్యాచీలు గుచ్చాయో,
మోచేతి మడతలో గాళ్ళు పడి
సూది తనంతట తనే దారి పట్టుకు పోతుంది.
మొదటి వారానికే అందరం ఆరితేరాం అనుకున్నాం.

డెలోరిస్ బోల్యూ నవ్వదు.
"ఈ చెయ్యి భయపడదు. నీళ్ళు తాగడం మరిచిపోదు.
దీని మీద నేర్చింది దీనికే."
ఇంకోటి కూడా చెప్పింది:
"చీమ కుట్టినట్టుంటుందని ఎవరికీ చెప్పకండి.
సూది గుచ్చుతున్నానని చెప్పండి.
వాళ్ళకి చీమా తెలుసు, సూదీ తెలుసు."

రాత్రిళ్ళు పొయ్యి దగ్గర వల్లె వేస్తాను:
నీలం, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, ఊదా, బూడిద.
వరస తప్పితే ఒక గొట్టంలో మందు ఇంకో గొట్టంలోకి జారి
లేని జబ్బు కాగితం మీద పుడుతుంది.

కాగితం నాకు తెలుసు.
ఇరవై రెండేళ్ళు మిల్లులో, చుట్టలు చుట్టే యంత్రం దగ్గర.
రోలు మీద అరచెయ్యి ఆనించి
ఎక్కడ వదులుందో చెప్పేదాన్ని.
మిల్లు మూసేశారు.
అరచెయ్యి మాత్రం
బస్సు సీటునీ, రొట్టెనీ, మంచం పట్టెనీ
ఇంకా అలాగే తడుముతుంది.

ఉబా జిమాలే నా జోడీ.
ముందు ఆమె నాకు గుచ్చింది. ఒక్కసారికే దొరికింది.
నా రక్తం అనుకున్నంత ఎర్రగా లేదు.
తర్వాత ఆమె చెయ్యి నా ముందు.
ఏమీ కనబడలేదు. దీపం దగ్గరికి లాక్కున్నాను,
కళ్ళజోడు తుడుచుకున్నాను.
"కళ్ళు మూసుకుని చూడు" అంది బోల్యూ.
మూసుకున్నాను.
చూపుడువేలి కింద ఏదో
నొక్కితే, తిరిగి నన్ను నొక్కింది.

అయినా తప్పింది. నరం పక్కకి దొర్లింది.
నా మెడ వెనక చెమట.
ఉబా పెదవి కొరుక్కుని
"దేవుడు రెండోదీ ఇచ్చాడుగా" అని
ఆ చెయ్యీ చాపింది.

మార్చిలో ఆసుపత్రి. తెల్లవారుజాము నాలుగున్నర.
ఆ వేళకి నిద్రలేపేవాళ్ళని ఎవరు ప్రేమిస్తారు?
బండి చక్రం ఒకటి కిర్రుమంటుంది, నూనె వేసినా.
పేరు మేము చదవకూడదు, వాళ్ళే చెప్పాలి.
"థోరా ఓడెగార్డ్" అందావిడ.
పుట్టిన తేదీ చెప్పి, అడక్కుండానే
"ఆరోజు పడవల పందెమట, మా నాన్న ఓడిపోయాడు" అంది.

దుప్పటి తీసి చేతులు చూశాను.
నీలం, ఊదా, పసుపు, ఆకుపచ్చ.
నేను బట్టీపట్టిన రంగులన్నీ అక్కడున్నాయి, వరస తప్పి.
రెండుసార్లకి మించి గుచ్చకూడదు.
మూడోసారి ఇంకొకరిని పిలవాలి.
పిలుద్దామా అనుకున్నాను, మొదలుపెట్టకుండానే.

"కొత్తా?" అంది.
"నలభై మూడో చెయ్యి మీది" అన్నాను.
"ఎడమది తీసుకో. పుట్టుమచ్చకి కాస్త కింద.
అది ఇంకా మాట వింటుంది."
వేలు ఆనించాను.
ఉంది. సన్నగా, లోతుగా,
నిద్రలో ఉన్నవాళ్ళు పేరు పిలిస్తే కదిలినట్టు.

"సూది గుచ్చుతున్నాను" అన్నాను.
"గుచ్చు మరి" అంది.

ఊదా మూత గొట్టం నిండింది.
పట్టీ విప్పాను, దూది పెట్టాను,
ఆవిడ వేలు పట్టుకెళ్ళి దాని మీద ఉంచాను.
అప్పటికే కళ్ళు మూసుకుంది.

వరండాలో నిలబడి పుస్తకం నింపాను.
తప్పినవి కూడా రాయాలి, పద్నాలుగున్నాయి.
నలభై మూడు: ఎడమ చెయ్యి. ఒక్క ప్రయత్నం.
ఎవరు చూపించారన్న గడి లేదు.
మార్జిన్‌లో పుట్టుమచ్చంత చుక్క పెట్టి
పక్క తలుపు తట్టాను.
"మీ పేరు చెప్పండి."